రాష్ట్రం దగ్గర డబ్బు తక్కువ, పనులు ఎక్కువ: ఏది ముందు చేయాలి?

మీ ప్రశ్న ఇది: మీ మండలంలో ఒక ఎత్తిపోతల పథకం పదిహేనేళ్లుగా సగంలో ఆగిపోయింది. పంప్‌హౌస్ గోడలు లేచాయి, మెయిన్ కెనాల్ కొంతమేర తవ్వారు, పిల్ల కాలువల ఊసే లేదు. ఈలోగా పక్క నియోజకవర్గంలో కొత్త పథకానికి శంకుస్థాపన జరిగింది. "డబ్బు లేదంటూనే కొత్తవి ఎలా మొదలుపెడతారు? ఏది ముందు, ఏది వెనక అని తేల్చే పద్ధతంటూ ఒకటి ఉందా?" అని అడిగారు.

పద్ధతి ఉంది. పాటించేది తక్కువ. ముందు ఉన్నదాన్ని కాపాడుకోవాలి. తర్వాత, ముగింపుకు దగ్గర్లో ఉన్నవాటిని ముగించాలి. ఈ రెండూ పోగా డబ్బు మిగిలితే కొత్తవి. ముగించాల్సిన వాటిలో ఏది ముందన్నది తేల్చడానికి ఇప్పటిదాకా ఎంత ఖర్చు పెట్టామో చూడకూడదు. ఇంకా ఎంత పెడితే ఎన్ని ఎకరాలకు, ఎన్ని ఊళ్లకు, ఎప్పటికి ఫలితం వస్తుందో చూడాలి. ఈ వరసకు మినహాయింపులున్నాయి, అవీ చెబుతాను.

నేను నీటిపారుదల శాఖలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీర్) చేరి ఎస్‌ఈగా (సూపరింటెండింగ్ ఇంజనీర్) రిటైరయ్యాను. సర్వీసు చివరి భాగమంతా సైట్ల మీద కంటే బడ్జెట్ ప్రతిపాదనలతోనే గడిచింది. అందుకని ఉదాహరణలు ఎక్కువగా నీళ్ల పనులవే ఉంటాయి. రోడ్లకైనా, ఆసుపత్రి భవనాలకైనా లెక్క ఇదే.

ఆ లెక్కతోనే మొదలుపెడదాం. పది పథకాలున్నాయి, ఒక్కోదానికి వెయ్యి కోట్లు కావాలి. ప్రభుత్వం ఏడాదికి పెట్టగలిగేది మొత్తం కలిపి వెయ్యి కోట్లు. ఎవరినీ నొప్పించడం ఎందుకని తలా వంద కోట్లు పంచారనుకోండి. పదో ఏడాది చివర పదీ ఒకేసారి పూర్తవుతాయి. అప్పటిదాకా ఒక్క ఎకరం తడవదు. అదే డబ్బుతో ఒకదాని తర్వాత ఒకటి ముగించుకుంటూ పోతే, మొదటి పథకం రైతులు ఆ పదేళ్లలో తొమ్మిదేళ్లు పంట పండించుకుంటారు. రెండో పథకం వాళ్లు ఎనిమిదేళ్లు, మూడో పథకం వాళ్లు ఏడేళ్లు. అన్నీ కూడితే 45 పంట సంవత్సరాలు. ఖర్చు పైసా కూడా పెరగలేదు, మారిందల్లా వరస.

ఇందులో ధరల పెరుగుదల ఇంకా కలపలేదు. సిమెంటు, స్టీలు, డీజిలు, కూలీ కలిపి ఏటా 6 శాతం పెరిగాయనుకుంటే పన్నెండేళ్లకు అదే పని ఖర్చు రెట్టింపవుతుంది. వెయ్యి కోట్ల పని మిగిలి ఉన్న పథకానికి ఈ ఏడాది 50 కోట్లు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి మిగిలిన పని విలువ 950 కోట్లు కాదు, 1,007 కోట్లు. డబ్బు ఖర్చయింది, పని జరిగింది, మిగిలిన బరువు మాత్రం ఏడు కోట్లు పెరిగింది. మీ ఊరి పథకం బహుశా ఇక్కడే చిక్కుకుని ఉంటుంది. పైకి "పనులు జరుగుతున్నాయి" అన్నట్టే ఉంటుంది. జేసీబీ ఒకటి కనిపిస్తుంది కూడా.

ఈ లెక్క సెక్రటేరియట్‌లో ఎవరికీ తెలియనిదేం కాదు. అయినా ఎందుకు ఇలా జరుగుతుందంటే, బడ్జెట్ తయారయ్యే తీరు వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 175 నియోజకవర్గాలు, తెలంగాణలో 119. ప్రతి ఎమ్మెల్యేకీ తన నియోజకవర్గంలో పేరు చెప్పుకోవడానికి ఒక పని కావాలి. పరిపాలనా అనుమతి జీవో ఇవ్వడానికి ఆ రోజు ఖజానాలో డబ్బు ఉండాల్సిన అవసరం లేదు. జీవో వస్తే శిలాఫలకం వేయొచ్చు, పత్రికల్లో వేలకోట్ల అంకె రాయించుకోవచ్చు. ఆ ఏడాది బడ్జెట్‌లో పథకం పేరు చెరిగిపోకుండా లక్షో, పది లక్షలో పెడతారు. దాన్ని మేం టోకెన్ ప్రొవిజన్ అంటాం. ఇలాంటి పేర్లు పుస్తకంలో పేరుకుపోయి, ఏటా ఇచ్చే డబ్బంతా వాటి మధ్య చిల్లర చిల్లరగా పోతుంది.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో జలయజ్ఞం పేరుతో 86 ప్రాజెక్టులు దాదాపు ఒకేసారి చేపట్టారు. పైన చెప్పిన పది పథకాల లెక్కను పెద్దది చేసి చూసినట్టే. పనులను ప్యాకేజీలుగా విడగొట్టి, డిజైన్, సామగ్రి, నిర్మాణం అన్నీ ఒకే కాంట్రాక్టరుకు అప్పగించే ఈపీసీ పద్ధతిలో ఇచ్చారు. చాలాచోట్ల భూసేకరణ, అటవీ అనుమతులు రాకముందే ఒప్పందాలు అయిపోయాయి. మధ్యలో వంద ఎకరాలు చేతికి రాకపోతే అటు పక్క, ఇటు పక్క తవ్విన కాలువ వృథాగా ఉండిపోయింది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2012 నివేదికలో ఈ విషయాలన్నీ వివరంగా ఉన్నాయి. కానీ ఒక మాట కూడా చెప్పాలి. కల్వకుర్తి, నెట్టెంపాడు, హంద్రీనీవా కాలువల్లో ఈ రోజు నీళ్లు పారుతున్నాయంటే ఆనాటి ఊపు లేకపోతే అవి కాగితాల మీదే ఉండేవి అనే వాదన ఉంది, అది తీసిపారేసేది కాదు. నా అభ్యంతరం మొదలుపెట్టడం మీద కాదు, వరస లేకపోవడం మీద. ఇరవై పథకాలకు నిండుగా డబ్బిచ్చి, అవి అయ్యాక మరో ఇరవై ఎత్తుకుని ఉంటే ఈ ఇరవై ఏళ్లలో ఇంకా ఎక్కువ పొలం తడిసేది.

ముందు నిర్వహణ. ఎందుకంటే

కొత్త ప్రాజెక్టు ఆలస్యమైతే రావాల్సిన లాభం ఆలస్యమవుతుంది. పాతది పాడైతే ఉన్న లాభం పోతుంది, ఒక్కోసారి ప్రాణాలు పోతాయి. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఊహకు మించిన వరద వచ్చిన మాట నిజమే. అయితే ఉన్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయని స్థితిలో ఉంది. గుండ్లకమ్మ ప్రాజెక్టులో 2022 ఆగస్టులో ఒక గేటు కొట్టుకుపోయింది, 2023 డిసెంబరులో ఇంకొకటి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి నదిలో కలిసిపోయింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో స్టాప్‌లాగ్‌లు (గేటు బదులు అడ్డంగా దించే ఉక్కు పలకలు) దించి నీళ్లు ఆపగలిగారు కాబట్టి మూడు రాష్ట్రాల రైతులు ఆ ఏడాది గట్టెక్కారు.

గేట్లకు రంగులు, గ్రీజు, తాళ్లు, గొలుసులు, రబ్బరు సీళ్లు. కాలువలకు పూడికతీత, గుర్రపుడెక్క తొలగింపు, తూముల షట్టర్లు, కాలువలు చూసుకునే లష్కర్ల జీతాలు. కొత్త ప్రాజెక్టు అంచనాల పక్కన పెడితే ఇవి ఏపాటి డబ్బు? అయినా దొరకదు. దీనికి రాజకీయం ఒక్కటే కారణం కాదు, ఖాతాల పద్ధతి కూడా. బయటివాళ్లకు ఈ సంగతి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ప్రభుత్వ ఖాతాల్లో కొత్త నిర్మాణం మూలధన వ్యయం. మరమ్మతు రెవెన్యూ వ్యయం. జీతాలు, పింఛన్లు, సంక్షేమ పథకాలు, వడ్డీలు అన్నీ రెవెన్యూ వైపే ఉంటాయి. అంటే గేటుకు గ్రీజు పెట్టే డబ్బు జీతాలతో, పింఛన్లతో పోటీపడి గెలవాలి. గెలవదు. పైగా ప్రభుత్వ లోటుకు, అప్పుకు హద్దు పెట్టే ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం ప్రకారం రెవెన్యూ లోటు తగ్గించి చూపించాలి. కోతకు మొదట దొరికేది జీతం కానిది, ఓటు కానిది. అంటే మరమ్మతే. ఇటు కేంద్రం 2020-21 నుంచి రాష్ట్రాలకు 50 ఏళ్ల వడ్డీలేని రుణం ఇస్తోంది. 2024-25లో దానికి కేటాయించింది లక్షన్నర కోట్లు. మంచి పథకమే, కానీ మూలధన పనులకు మాత్రమే. కొత్తది కట్టడానికి వడ్డీలేని డబ్బు దొరుకుతుంది, ఉన్నది బాగుచేయడానికి సొంత డబ్బు కావాలి. ఏ ఆర్థిక కార్యదర్శి అయినా ఎటు మొగ్గుతాడో చెప్పనక్కర్లేదు.

రోడ్ల సంగతీ అంతే. తారు రోడ్డు మీద ఐదారేళ్లకోసారి పై పొర కొత్తగా వేయాలి. ఆ ఏడాది తప్పిస్తే వాన నీళ్లు పగుళ్లలోంచి కిందికి దిగి, కంకర పొర కదిలి, రోడ్డునే మళ్లీ వేయాల్సి వస్తుంది. మొదటిది మరమ్మతు కాబట్టి డబ్బు దొరకలేదు. రెండోదానికి దొరుకుతుంది, ఎందుకంటే అది "కొత్త రోడ్డు".

తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46,531 చెరువులను గుర్తించారు. పని చూస్తే పూడికతీత, కట్ట బలోపేతం, తూము, అలుగు మరమ్మతు. మైనర్ ఇరిగేషన్ ఇంజనీర్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్న పనులే. దానికో పేరు, లోగో, బహిరంగసభ వచ్చాయి, డబ్బూ వచ్చింది. నాణ్యత అన్నిచోట్లా ఒకేలా లేదు, నిజమే. కానీ మరమ్మతుకు పేరు పెట్టడం చేతనైన నాయకుడు దొరికితే ఇంజనీర్లు దండం పెట్టాలి.

నిర్వహణలో ఇంకో చిక్కు కాలం. డెల్టా కాలువల్లో పని చేయడానికి వీలుండేది వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే. కొన్ని వారాలు దొరుకుతాయి, జూన్‌లో మళ్లీ నీళ్లు వదులుతారు. అంచనాలు జనవరికి సిద్ధమై, మార్చికి టెండర్లు అయితేనే పని జరుగుతుంది. మేం పంపిన ఫైలు ఆర్థిక శాఖలో తిరిగి తిరిగి అనుమతితో వచ్చేసరికి కాలువలో నీళ్లు పారుతుండేవి. అప్పుడు రెండే దారులు. ఏడాది ఆగాలి, లేదా నీళ్లలోనే పని చేసినట్టు బిల్లు రాయాలి. రెండోది ఎంత సులువో ఊహించుకోండి. కాబట్టి ప్రాధాన్యత అంటే ఎంత ఇచ్చారన్నదే కాదు, ఏ నెలలో ఇచ్చారన్నది కూడా.

ముగింపు దగ్గర ఆగినవి

ప్రకాశం జిల్లా వెలిగొండ చూడండి. 1996లో శంకుస్థాపన. శ్రీశైలం నుంచి 43.5 టీఎంసీల వరద నీరు నల్లమల కొండ కింద రెండు సొరంగాల గుండా తెచ్చి 4.47 లక్షల ఎకరాలకు ఇవ్వాలి. కరువూ ఫ్లోరైడూ కలిసి పీడించే ప్రాంతం అది. సొరంగాలు ఒక్కోటి 18.8 కిలోమీటర్లు. మొదటిది 2021లో, రెండోది 2024 జనవరిలో తవ్వడం పూర్తయింది. మార్చిలో జాతికి అంకితం కూడా చేశారు. నీళ్లు రాలేదు. ముంపు గ్రామాల పునరావాసం మిగిలిపోయింది, ఫీడర్ కాలువ పనులు మిగిలాయి. కొండను తొలిచే అసలు కష్టమైన పని అయిపోయాక, 11 ఊళ్ల జనానికి ఇవ్వాల్సిన ప్యాకేజీ దగ్గర ప్రాజెక్టు కూర్చుండిపోయింది. పునరావాసానికి పెట్టే రూపాయే అక్కడ నీళ్లు తెచ్చే రూపాయి. కానీ పరిహారం చెక్కుల పంపిణీకి సొరంగం ముందు దిగే ఫొటోకు ఉన్న గ్లామర్ ఉండదు.

పోలవరం అంచనాలు చూసినా ఇదే కనిపిస్తుంది. 2017-18 ధరల ప్రకారం సాంకేతిక సలహా కమిటీ ఒప్పుకున్న మొత్తం 55,548 కోట్లు. అందులో 33 వేల కోట్లకు పైగా భూసేకరణ, పునరావాసానిదే. స్పిల్‌వే, గేట్లు, కాంక్రీటు రికార్డులు అన్నీ మిగతా భాగంలోవి. 2013 భూసేకరణ చట్టం తర్వాత పెద్ద జలాశయాలన్నిటి లెక్కా ఇలాగే మారింది. కాబట్టి ఏ ప్రాజెక్టు "80 శాతం పూర్తయింది" అని విన్నా, మట్టిపనిలో 80 శాతమా, డబ్బులో 80 శాతమా, ఊళ్లు ఖాళీ చేయించడంలో 80 శాతమా అని అడగండి. మూడూ వేరు వేరు అంకెలు.

ఇంకో చోట కూడా పనులు ఆగుతాయి. పిల్ల కాలువలు. హెడ్‌వర్క్స్, మెయిన్ కెనాల్ పెద్ద కాంట్రాక్టులు, వాటికి యంత్రాంగమంతా కదులుతుంది. డిస్ట్రిబ్యూటరీలు, ఫీల్డ్ చానళ్ల దగ్గరికి వచ్చేసరికి చిన్న చిన్న ముక్కలు, ఊరూరా భూతగాదాలు, ఎవరికీ ఆసక్తి ఉండదు. నేను పనిచేసిన ఒక సర్కిల్‌లో మెయిన్ కెనాల్ నిండుగా పారుతుంటే, దాని గట్టు మీదే రైతులు డీజిల్ ఇంజన్లు పెట్టుకుని నీళ్లు తోడుకునేవారు. రికార్డుల్లో అది సాగులోకి వచ్చిన ఆయకట్టు. అక్కడ మిగిలిన పిల్ల కాలువల ఖర్చు, అదే ఏడాది పక్కనే మంజూరైన ఒక కొత్త ఎత్తిపోతల ఖర్చులో చిన్న భాగం. ఎకరానికి లెక్కవేసి, రెండూ పక్కపక్కన పెట్టి నోట్ పంపాం. కొత్తదానికే డబ్బు వచ్చింది.

ముగించకూడనివి కూడా ఉంటాయి

"ఇంత పెట్టాం కదా, వదిలేస్తే అదంతా వృథా" అనే మాట ప్రతి సమీక్షలోనూ వినేవాణ్ని. పెట్టింది ఎటూ తిరిగి రాదు. అడగాల్సింది, ఇకపై పెట్టే డబ్బుకు వచ్చే లాభం సరిపోతుందా అని. మీ ఎత్తిపోతలనే తీసుకోండి. అది రాసిన రోజున వాగులో ఉన్న నీళ్లు ఇప్పుడూ ఉన్నాయా? పైన చెక్‌డ్యాములు, ఇంకో రెండు లిఫ్టులు వచ్చి ఉంటే ఎన్ని రోజులు పంపులు తిరుగుతాయి? కరెంటు బిల్లు ఎవరు కడతారు? లిఫ్టుకు కట్టడం ఒక ఖర్చు, నడపడం అంతులేని ఖర్చు. మోటార్లు కాలి, ట్రాన్స్‌ఫార్మర్ రాగి దొంగలెత్తుకుపోయి మూలపడ్డ చిన్న లిఫ్టులు రెండు రాష్ట్రాల్లోనూ లెక్కలేనన్ని. నీళ్లే లేనప్పుడు అలాంటి పథకాన్ని మూసేసి, పంపులు తీసి వేరేచోట వాడుకోవడమే మేలు. ఇది చెప్పే ఇంజనీరు ఆ జిల్లాలో ఎక్కువ కాలం ఉండడు, అది వేరే సంగతి.

ప్రయోజన వ్యయ నిష్పత్తి అనే లెక్క ఉందిగా, అది చూస్తే సరిపోదా అనవచ్చు. దాన్ని ఎలా వేశారన్నదే అసలు విషయం. ఖర్చు తక్కువ చూపి, పంట దిగుబడి ఎక్కువ చూపి, కరెంటు ఖర్చు మరచిపోతే ఏ పథకమైనా పాసవుతుంది. కాళేశ్వరం నిష్పత్తిని 1.51గా చూపారు. అంటే రూపాయి పెడితే రూపాయిన్నర. కాగ్ మళ్లీ లెక్కవేసి 0.75 అంది, పెరిగిన ఖర్చుతో చూస్తే 0.52 అంది. మొదట చూపిన 81,911 కోట్ల వ్యయం 1,47,427 కోట్లు దాటవచ్చని కూడా అదే నివేదికలో ఉంది. ఆ ప్రాజెక్టు వల్ల లాభపడిన రైతులున్నారు, కాదనను. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగడం నిర్మాణం, డిజైన్ సమస్య, అది ఇంకో చర్చ. ఇక్కడ నేను చెప్పేది వరస గురించే. రాష్ట్రం అప్పు చేయగల శక్తిలో అంత పెద్ద భాగం ఒక్క ప్రాజెక్టుకు పోయినప్పుడు పాలమూరులో, నల్లగొండలో ఏవి ఆగాయన్నది కూడా దాని ఖర్చులో లెక్కే.

ఆయకట్టు అంకెల్లో ఒక మాయ ఉంటుంది. కొత్త ఆయకట్టు వేరు, స్థిరీకరణ (ఇప్పటికే ఉన్న ఆయకట్టుకు నీళ్లు ఖాయం చేయడం) వేరు. ఒక చెరువు కింద ఎప్పట్నుంచో సాగవుతున్న ఎకరాన్ని మొదటి పథకంలో కొత్త ఆయకట్టుగా, రెండో పథకంలో స్థిరీకరణగా, మూడోదానిలో అనుబంధ ఆయకట్టుగా చూపిస్తారు. భూమి అదే, రైతు అతనే. నా దగ్గరికి ప్రతిపాదన వస్తే నేను వేసే మొదటి ప్రశ్న, ఈ సర్వే నంబర్లు ఇంతకు ముందు ఏ పథకం కింద చూపించారని. సగం ఫైళ్లు ఆ ప్రశ్నకే వెనక్కి వెళ్లేవి.

కొత్తదాన్ని ముందు పెట్టాల్సిన సందర్భాలు

ఒకటి, ప్రాణాపాయం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమంతా మునిగింది. అదే నది 2005లోనూ ముంచింది. ఏడాదికోసారి వచ్చే లాభం కాదు కాబట్టి వరద రక్షణ పనులు ఎకరాల లెక్కలో ఎప్పుడూ వెనకబడతాయి. వాటిని ఆ జాబితాలోంచి బయటకు తీసి విడిగా, ముందుగా డబ్బు ఇవ్వాలి.

రెండు, ఇప్పటికే పెట్టిన ఖర్చును పనికి తెచ్చే కొత్త పని. 2015లో మొదలైన పట్టిసీమ అలాంటిది. పోలవరం కుడి కాలువ అప్పటికే చాలావరకు తవ్వి ఉంది, డ్యామ్ మాత్రం ఎప్పటికో. సుమారు 1,300 కోట్ల అంచనాతో 24 పంపులు పెట్టి, కాలువ మధ్యలో తవ్వకుండా మిగిలిన చోట్లు తవ్వి కలిపి గోదావరి నీళ్లు కృష్ణా డెల్టాకు పంపారు. టెండరులో అదనంగా ఇచ్చిన మొత్తాన్ని కాగ్ తప్పుపట్టింది, పోలవరం పూర్తయితే ఇది దండగ అన్నవారూ ఉన్నారు. నా లెక్కలో మాత్రం, ఊరికే పడి ఉన్న కాలువకు వెంటనే పని దొరికింది. శ్రీశైలంలో నీళ్లు తగ్గిన ఏడాది డెల్టా నాట్లు ఆలస్యం కాకపోవడానికి విలువ ఉంది.

మూడు, వెనకబడిన ప్రాంతాలు. ఒట్టి లాభం లెక్కే చూస్తే ప్రతి రూపాయీ డెల్టాకే వెళ్తుంది. అనంతపురానికి, ఉత్తరాంధ్ర కొండ మండలాలకు, పాలమూరుకు ఎన్నటికీ వంతు రాదు. అందుకే కేంద్ర జలసంఘం మామూలుగా 1.5 నిష్పత్తి అడిగినా కరువు ప్రాంతాలకు 1 ఉంటే చాలంటుంది. సరైన పద్ధతి అది. కరువు ప్రాంతానికి ముందే వాటా కట్టి, ఆ వాటా లోపల మళ్లీ లెక్కగా ఎంచుకోవాలి. ప్రాంతం పేరు చెప్పి ఏ పథకాన్నైనా తోసేయడం మాత్రం ఆ ప్రాంతానికే నష్టం. శ్రీశైలం ఎడమగట్టు సొరంగం నల్లగొండ ఫ్లోరైడ్ ప్రాంతానికి ఎంతో కావాల్సిన పని. 44 కిలోమీటర్ల సొరంగం 2005లో ఒప్పందం అయింది. మధ్యలో మనుషులు దిగి మరమ్మతు చేసే దారి లేదు. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. కావాల్సిన పని అనిపించినంత మాత్రాన ఎంచుకున్న మార్గం సరైనదైపోదు.

"ప్రైవేటు భాగస్వామ్యంలో పెడితే సర్కారు డబ్బు అక్కర్లేదు కదా" అని కొందరంటారు. దీని గురించి ఎక్కువ రాయను, హైదరాబాద్ మెట్రో ఒక్కటి చాలు. 2008లో టెండరు గెలిచిన సంస్థ ప్రభుత్వానికే ఎదురు డబ్బిస్తానంది. అలా ఎలా కుదురుతుందని ఢిల్లీ మెట్రో శ్రీధరన్ గారు అప్పుడే ప్రశ్నించారు. ఆ ఒప్పందం నిలవలేదు. తర్వాత ఎల్ అండ్ టీ కట్టింది, 2017 నవంబరులో రైళ్లు మొదలయ్యాయి. 2025లో ఆ సంస్థ వాటా తీసుకుని, సుమారు 13 వేల కోట్ల అప్పు బాధ్యత వహించేందుకు తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. జనానికి అవసరమైనదాన్ని ప్రభుత్వం మూతపడనివ్వదు, ఆ సంగతి అవతలివాడికీ తెలుసు. కార్పొరేషన్ పెట్టి దాని పేరున తెచ్చే అప్పులూ అంతే. బడ్జెట్ నుంచి తీర్చే అలాంటి అప్పును 2022 నుంచి కేంద్రం రాష్ట్రం అప్పుగానే లెక్కిస్తోంది. కాబట్టి జాబితాలో పీపీపీ పనులకూ, కార్పొరేషన్ పనులకూ విడి గది అక్కర్లేదు, అన్నీ ఒకే వరసలో నిలబడాలి.

బిల్లులు గురించి ఒక్క మాట. పాత బిల్లులు చెల్లించకుండా కొత్త టెండరు పిలిస్తే ఎవరూ రారు, వచ్చినవాడు ఆలస్యమయ్యే రెండేళ్ల వడ్డీ కలిపి రేటు వేస్తాడు. రోడ్డు మరమ్మతు టెండర్లకు ఒక్క బిడ్డు రాకపోవడం నేను చూశాను. ప్రాధాన్యతల జాబితా ఎంత బాగా రాసినా బకాయిలు ఉంటే అది అమలు కాదు.

ఇవన్నీ కలిపి నన్ను ఒకే ఒక నియమం పెట్టమంటే ఇది పెడతాను: శాఖలో చేతిలో ఉన్న పనులన్నిటి మిగిలిన విలువను ఆ శాఖకు గత మూడేళ్లలో నిజంగా విడుదలైన సగటు డబ్బుతో భాగించండి. నాలుగు కంటే ఎక్కువ వస్తే, అంటే నాలుగేళ్లకు సరిపడా పని ముందే ఉంటే, భద్రత పనులు తప్ప కొత్త జీవో ఇవ్వకూడదు. బడ్జెట్‌లో కేటాయించినదాంతో కాదు, విడుదలైనదాంతో భాగించాలి. ఆ రెండు అంకెలకూ చాలా దూరం ఉంటుంది.

ఇక మీ పథకం. ఎమ్మెల్యే దగ్గరికో, కలెక్టర్ గ్రీవెన్స్‌కో వెళ్లే ముందు కొంత సమాచారం చేతిలో పెట్టుకోండి. బడ్జెట్ పుస్తకాలు ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి. నీటిపారుదల పద్దులో మీ పథకం పేరు పక్కన బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, అసలు ఖర్చు అని నిలువు వరసలుంటాయి. అసలు ఖర్చు రెండేళ్ల కిందటిది ఉంటుంది, అదే నిజం. నాలుగైదేళ్ల పుస్తకాలు తీస్తే మీది టోకెన్ పథకమో, డబ్బు వస్తున్నదో తేలిపోతుంది. రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద కాగ్ ఏటా ఇచ్చే నివేదికలో అసంపూర్తి పనుల జాబితా ఉంటుంది, అందులో ఉందేమో చూడండి.

తర్వాత ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మిగిలిన పనికి తాజా ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక) ధరల ప్రకారం ఎంత కావాలి, ఇంకా ఎన్ని ఎకరాల భూమి సేకరించాలి, ఏ సర్వే నంబర్లలో, కరెంటు సబ్‌స్టేషన్ మంజూరైందా, నీటి లభ్యత ధ్రువపత్రం ఏ ఏడాదిది, ఆయకట్టులో ఎంత భాగం వేరే పథకాల కింద ఉంది. ఇవి అడిగితే చాలు. "పథకం ఎప్పుడు పూర్తవుతుంది" అని మాత్రం అడగకండి. "నిధుల లభ్యతను బట్టి" అని ఒక్క ముక్క రాసి పంపిస్తారు.

జవాబులొచ్చాక మిగిలిన ఖర్చును నిజంగా తడిసే ఎకరాలతో భాగించండి. అదే లెక్క పక్క నియోజకవర్గం కొత్త పథకానికీ వేయండి, దాని జీవోలో వ్యయం, ఆయకట్టు రెండూ ఉంటాయి. మీది తక్కువ వస్తే ఆ రెండు అంకెలతో అర్జీ రాసి, కాపీ జిల్లా ఇన్‌చార్జి మంత్రికీ, ఆర్థిక శాఖకూ పంపండి. "మా ప్రాంతానికి అన్యాయం" అన్న అర్జీలు వాళ్ల దగ్గర గుట్టలుగా ఉంటాయి. ఎకరం లెక్కతో వచ్చేవి అరుదు, వాటిని ఎవరో ఒక సెక్షన్ ఆఫీసర్ అయినా చదువుతాడు. మీది ఎక్కువ వస్తే, లేదా నీటి లభ్యత ధ్రువపత్రం పాతికేళ్ల కిందటిదైతే, ముందు నీళ్ల లెక్క మళ్లీ తీయించమని అడగండి. పంపులు ఆ తర్వాత.